పొల్లు పోకుండా

‘సాఫ్ట్‌వేర్’ అని తెలుగులో సరిగ్గా టైపు చేయాలంటే కంటికి కనబడని అక్షరం ఒకటి నొక్కాలి. ‘సాఫ్ట్’ అయ్యాక, ‘వేర్’ మొదలుకాకముందు. అది మరిచిపోతే యంత్రం తన లెక్క తను చూసుకుంటుంది. పొల్లు తర్వాత హల్లు వచ్చింది కాబట్టి ఒత్తే అయ్యుంటుందని ‘వ’ని కిందికి తోసేస్తుంది. ఏత్వం పోయి ‘ఫ’ నెత్తికెక్కుతుంది, దాని కింద ‘ట’ ఒత్తు, ఆ పక్కన ‘వ’ ఒత్తు. అంతా కలిసి ‘సాఫ్ట్వేర్’ అని ముద్దవుతుంది. చదివేవాళ్లు అక్కడ ఓ క్షణం తడబడి, అలవాటుకొద్దీ సర్దుకుని ముందుకి పోతారు.

ఆ కనబడని అక్షరానికి యూనికోడ్ వాళ్లు పెట్టిన పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పక్కపక్కనున్న రెంటినీ కలవనివ్వకపోవడం దాని ఉద్యోగం. కోర్టు, బస్సు, బ్యాంకు రోజుల్లో మనకి దీనితో పనిబడలేదు. పాతతరం వాళ్లు ఇంగ్లీషు మాట చివర ఓ ఉకారం తగిలించి హాయిగా ఇంట్లో కలిపేసుకున్నారు. ఇప్పుడు ఫేస్‌బుక్‌లు, పాస్‌వర్డ్‌లు, ఇన్‌స్టాగ్రామ్‌లు వచ్చిపడి వాక్యానికి రెండు పొల్లులు పోగవుతున్నాయి. ఈ కాలమ్‌లో... అదిగో, ‘కాలమ్‌లో’ అన్నా అది కావల్సిందే.

చాలామంది దానికి బదులు స్పేస్ కొట్టి పని కానిచ్చేస్తారు. తప్పు పట్టలేను, ఫోన్ కీబోర్డుల్లో దాన్ని ఎక్కడ దాచారో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? కానీ స్పేస్ కొడితే లైను చివర ‘పాస్’ పైన, ‘వర్డ్’ కింద పడతాయి. ఇంకో తంటా వెతుకులాటలో వస్తుంది. ఒకరు కనబడని అక్షరంతో రాస్తారు, ఒకరు స్పేసుతో, ఒకరు ఏదీ లేకుండా ఒత్తు కలిపి. మనిషికి ఆ మూడూ ఒకటే మాట. యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. నేను రాసిన పాత వ్యాసం నా కంప్యూటర్లోనే ఉన్నా నాకే దొరకదు.

ఈ అక్షరానికి అంతర్జాతీయ ఖ్యాతి కూడా ఉందండోయ్. 2018 ఫిబ్రవరిలో ‘తెలుగు అక్షరం ఐఫోన్లని కూల్చేస్తోంది’ అని దేశదేశాల పత్రికలు రాశాయి. ‘జ్ఞ’ రాసి, ఈ కనబడనిదాన్ని ఇరికించి, ఆపైన దీర్ఘం ఇస్తే, ఆ వరసని తెర మీద ఎలా గీయాలో అప్పటి ఐఓఎస్ 11.2.5కి తెలిసేది కాదు. మెసేజిలో వస్తే ఆ యాప్ చచ్చేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మూర్ఛపోయేది. ఆకతాయిలు కొన్నాళ్లు దాన్ని సోషల్ మీడియాలో చల్లుకుంటూ పోయారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి ఆ గోల ఆపింది. నిజానికి తెలుగు రాసేవాళ్లెవరూ ఆ చోట ఆ అక్షరం పెట్టరు, ఏ తెలుగు మాటకీ దాంతో అక్కడ అవసరం లేదు. పేరు మాత్రం తెలుగుకి పడింది.

ఆ వార్త గుప్పుమన్న కొద్దిరోజుల్లోనే మందు దొరకడం నాకు బాగా గుర్తుండిపోయింది. ఫోన్ కూలింది కాబట్టి దొరికింది. ఒత్తు వంకరగా పడితే ఏ ఫోనూ కూలదు. గుడి పక్కకి జరిగితే, దీర్ఘం లైనులోంచి తెగిపోతే ఎవరి ఆఫీసులోనూ అలారం మోగదు. ఏళ్లతరబడి అది అలాగే పడుంటుంది. పూర్తిగా పాడైన వస్తువుని మనం బాగుచేయించుకుంటాం, లేదా పారేస్తాం. ముప్పావు వంతు పనిచేసే వస్తువుతో మాత్రం కాపురం చేస్తాం. తెలుగులో టైపు చేయడం అలాంటి కాపురమే.

ఉదాహరణకి ‘లక్ష్మి’ని తీసుకోండి. కంటికి రెండే అక్షరాలు. లోపల యంత్రం దాచుకునేది ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చివర్నుంచి బ్యాక్‌స్పేస్ కొడితే ముందు గుడి పోతుంది, తర్వాత మ పోతుంది, అప్పటిదాకా లేని పొల్లు ఒకటి ప్రత్యక్షమవుతుంది. సరే, ఇదంతా ఎందుకని కర్సర్‌ని ‘ల’ పక్కకి తీసుకెళ్లి డిలీట్ కొడితే ‘క్ష్మి’ మొత్తం ఒక్క దెబ్బకి మాయం. ఒక మీట ముక్కముక్కగా కొరుకుతుంది, ఇంకోటి గుటకేస్తుంది. రెండింటికీ వాటి కారణాలు వాటికున్నాయని చదువుకున్నాను. తెల్లారేసరికి వ్యాసం పంపాల్సినప్పుడు ఆ కారణాలు గుర్తుకి రావు.

ఈ లెక్క మామూలు జనానికి తగిలేది దరఖాస్తుల్లో. పేరు ఇన్ని అక్షరాలు మించకూడదంటుంది ఫారం. ‘వెంకటలక్ష్మి’ మన లెక్కలో ఐదు, దాని లెక్కలో పన్నెండు. ఇంటిపేరు కలిపేసరికి హద్దు దాటుతుంది. ఎస్సెమ్మెస్‌లదీ అదే కథ. ఇంగ్లీషు మెసేజి ఒకదానిలో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం దూరినా ఆ హద్దు 70కి పడిపోతుంది. ఆ 70లో వెంకటలక్ష్మి ఒక్కతే పన్నెండు తినేస్తే ఇక ఉగాది శుభాకాంక్షలు ఎక్కడ పడతాయి? మెసేజికింత అని డబ్బులు పోయే రోజుల్లో మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అలవాటుపడ్డారంటే ఆశ్చర్యం లేదు. అదొక్కటే కారణమనను. అప్పటి ఫోన్లలో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండేది కాదు, పంపినవాళ్ల ప్రేమంతా వరసగా డబ్బాలై కనబడేది.

డబ్బాలు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 2021లో యూనికోడ్ 14 వచ్చినప్పుడు పాత పుస్తకాల్లో కనబడే నకార పొల్లుకి కూడా చోటిచ్చారు. పాత ప్రతులు ఎక్కించేవాళ్లకి ఎంతో పనికొచ్చే సంగతి. నా ఫోన్లో అది ఇప్పటికీ డబ్బాయే.

ఇవన్నీ ఒక ఎత్తు, అచ్చు ఒక ఎత్తు.

మా ఇంటికి దగ్గర్లో ఓ చిన్న ప్రెస్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సన్మాన పత్రాలు, అప్పుడప్పుడూ ఓ కవితాసంపుటి. అక్కడ డీటీపీ చేసే ఆయన తలెత్తకుండా, కీబోర్డు కేసి చూడకుండా తెలుగు కొడుతుంటే పక్కన కూర్చుని చూడాలి. తెర మీద పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేశారు. మన ప్రెస్సులు వదల్లేదు.

స్నేహితురాలి కథల పుస్తకం పనిమీద ఓసారి ఆయన దగ్గర కూర్చున్నాను. ఫైలు యూనికోడ్‌లో ఉందనగానే నిట్టూర్చాడు.

“యూనికోడ్ అయితే నాకు రెండు పనులు మేడం. కన్వర్టర్‌లో వెయ్యాలి, మళ్లీ మొదట్నుంచీ చదువుకోవాలి.”

“ఇన్‌డిజైన్‌లో నేరుగా చెయ్యొచ్చు కదండీ?”

“చెయ్యొచ్చు. హెడ్డింగులకి మంచి ఫాంటు చూపించండి, ఇప్పుడే చేస్తాను.”

సిలికానాంధ్రవాళ్లు అప్పటి ప్రభుత్వంతో కలిసి విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్ల పేర్లు చెప్పాను: మండలి, సూరన్న, గిడుగు, ధూర్జటి, రామభద్ర. ఆయనకవన్నీ తెలుసు. “బాగానే ఉంటాయి మేడం, లోపలి పేజీలకి. శుభలేఖ మీద రామభద్ర పెడితే పెళ్లివారు ఒప్పుకుంటారా?” అని డ్రాయరు తీసి ఓ కేటలాగు నా ముందు పెట్టాడు. అట్టలు చిరిగిపోయి, టేపులేసి అతికించిన పుస్తకం. పేజీకి పది రకాల తెలుగు, వంకీలు తిరిగినవి, బొద్దుగా ఉన్నవి, కుంచెతో లాగినట్టున్నవి. అన్నీ పాత పద్ధతివే. కస్టమర్లు వేలు పెట్టి చూపిస్తారట, ‘ఇదిగో, ఇలా కావాలి’ అని.

ఆ పాత పద్ధతి ఏమిటో తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. అను, శ్రీలిపి లాంటివాటిలో యంత్రం మటుకు తను దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే అనుకుంటుంది. వాటికున్న రెండొందల చిల్లర గదుల్లో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు సర్దుతారు. తలకట్టొక గదిలో, కొమ్మొక గదిలో, ఒత్తొక గదిలో. టైపు చేసేవాళ్లు ఆ ముక్కల్ని అతికించుకుంటూ పోతారు. ఫాంటు ఉన్న కంప్యూటర్లో అచ్చతెలుగు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే డాలర్లు, చుక్కలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ఏ కంపెనీ గదుల వరస ఆ కంపెనీది. అందుకే ఒక ఫాంటులోంచి ఇంకో ఫాంటుకి, అక్కణ్ణించి యూనికోడ్‌కి, యూనికోడ్ నుంచి మళ్లీ వెనక్కి మార్చే కన్వర్టరు ప్రతి ముక్కా ఏ అక్షరానికి చెందుతుందో ఊహించుకోవాలి. ఆ ఊహ ఎక్కువసార్లు నిజమవుతుంది. అక్కడక్కడ కొటేషన్ గుర్తు ఉండాల్సిన చోట ఓ అనాథ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. మా స్నేహితురాలి కథల్లో పాత్రలు మాట్లాడినప్పుడల్లా ఒత్తులే.

ఇన్‌డిజైన్ వైపు వెళ్లినవాళ్లకి ఇంకో గండం. అందులో పేరా పేర్చే పద్ధతిని ‘వరల్డ్ రెడీ’కి మార్చుకోవాలి. ఎక్కడో మెనూ లోపలి మెనూలో ఉంటుంది. మార్చకపోతే ఒత్తులన్నీ అక్షరాల కిందనుంచి జారి పక్కన వరసగా నిలబడతాయి. ప్రపంచానికి సిద్ధంగా ఉండటమన్నది విడిగా టిక్కు పెట్టి అడగాల్సిన కోరిక అన్నమాట.

డీటీపీ వాళ్లని మొండివాళ్లనడం మా రచయితలకి ఓ అలవాటు. నేనలా అనలేను. యూనికోడ్‌లో తెలుగు 1991లో, మొదటి వెర్షన్లోనే ఉంది. అది విండోస్‌లోకి వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. మధ్యలో పదేళ్లు. సరిగ్గా ఆ పదేళ్లలోనే మన ఊళ్లలో ప్రెస్సులు సీసం అక్షరాలు వదిలి కంప్యూటర్లు కొన్నాయి. అప్పుడు దొరికింది ఆ ఫాంట్లే. వేళ్లు ఆ కీబోర్డుకి తిరిగాయి, ఆ వేళ్ల మీదే పిల్లల్ని చదివించుకున్నారు. ఇప్పుడు ప్రమాణం మారిందని చెబితే, వాళ్లు కోల్పోయే వేగానికి కూలి ఎవరిస్తారు?

అదే కాలంలో పత్రికల వెబ్‌సైట్లూ తలా ఒక ఫాంటు పెట్టుకుని కూర్చున్నాయి. ఒక పేపరు చదవాలంటే ఒక ఫాంటు దించుకోవాలి, ఇంకో పేపరుకి ఇంకోటి. వెన్న నాగార్జున అని, తెలుగు వికీపీడియాని 2003 డిసెంబరులో మొదలుపెట్టినాయన, ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే పొడిగింత రాశారు. ఆ గజిబిజినంతా అది చదువుతుండగానే యూనికోడ్ చేసి చూపించేది. వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ అనే టైపింగు సాధనం లేకపోతే తొలినాటి తెలుగు బ్లాగులు సగమైనా పుట్టేవి కావు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. కోట్ల మంది మాట్లాడే భాషకి పెద్ద కంపెనీలు చేయాల్సిన పనిని వీళ్లు సొంత ఖర్చుతో, సొంత సమయంలో చేశారు. మనం తిట్టుకునే సాధనాల చరిత్రలో ఈ మాట కూడా ఉండాలి.

ఇక అందరి చేతిలో ఉన్నదాని సంగతి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి. మొదట్లో అది చాలా కచ్చితమైన సాధనం. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా వచ్చిన ఆర్టీఎస్ పద్ధతిలో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. కొట్టిందే వస్తుంది. తప్పొస్తే తప్పు మనదే. ఇప్పుడు ఫోన్లలో అలా కాదు. మనం ఏదో ఒకటి కొడతాం, అది మన మనసులో ఏముందో ఊహించి నాలుగు మాటలు పరుస్తుంది. ‘కల’ కావాలా, ‘కళ’ కావాలా, ‘కాల’ కావాలా అంటుంది. తొందరలో మొదటిదాన్ని నొక్కేస్తాం. అలా నొక్కీ నొక్కీ ‘పెళ్లి’ని ‘పెల్లి’ చేసిన ఆహ్వానాలు వాట్సాప్‌లో నాకే ఎన్ని వచ్చాయో. ళ, ణ, ఠ, ధ, ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల సందులోంచి దూరి రావాల్సినవి. ఆ సందులో నలిగేవీ అవే.

ఫోన్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. గుర్తింపు కార్డుల మీద పేర్లు చూస్తే నవ్వు రాదు. ఇంగ్లీషులో ఎక్కించిన పేరుని యంత్రం చేత తెలుగులోకి దింపిస్తారు, పద్మ కాస్తా పడ్మ అవుతుంది, శారద షరడ అవుతుంది. ఆ అచ్చు చూసి గుమాస్తా, పడ్మగారూ, ఇటు రండి అని పిలుస్తాడు. అది యంత్రం తప్పేనని ఆయనకీ తెలుసు. దిద్దించుకోవాలంటే మాత్రం తన పేరు పద్మేనని ఆవిడే అఫిడవిట్ ఇచ్చుకోవాలి.

ఇన్‌స్క్రిప్ట్ గురించి చెబితే ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు. మీరు పేపరు పట్టుకుని కూర్చున్నారు కాబట్టి చెబుతాను. 1980ల్లో మన కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషలన్నింటికీ కలిపి రూపొందించిన కీబోర్డు అది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలోనూ చేరింది. విండోస్‌లో ఉంటుంది, లినక్స్‌లో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి వైపు చాలావరకు హల్లులు. క మీద షిఫ్ట్ నొక్కితే ఖ. ల మీద నొక్కితే ళ. గుడి ఉన్న మీట మీద నొక్కితే ఇ. పొల్లు ఎడమచేతి మధ్యవేలి కింద, ‘డి’ మీట మీద, చెయ్యి కదపకుండా అందే చోట ఉంటుంది. ‘లక్ష్మి’ రాయాలంటే కుడిచేత్తో ల, క, ఎడమచేత్తో పొల్లు, కుడిచేత్తో ష, ఎడమచేత్తో పొల్లు, అదే చేత్తో మ, గుడి. ఏడు దెబ్బలు. యంత్రం లోపల దాచుకునేవీ ఆ ఏడే. మధ్యలో ఎవరూ ఏమీ ఊహించరు. ఈ వరస ఒకసారి వేళ్లకి పడితే హిందీకీ కన్నడానికీ కూడా క అక్కడే ఉంటుంది.

నేర్చుకునేటప్పుడు మాత్రం ఏడుపొస్తుంది, దాచను. ఆలోచన వాక్యం చివరికి చేరుకుంటుంది, వేళ్లు ఇంకా రెండో మాట దగ్గర థ కోసం తడుముతుంటాయి. బజార్లో అమ్మే కీబోర్డుల మీద తెలుగు అక్షరాలుండవు. స్టిక్కర్లు తెచ్చి అంటిస్తే వేసవిలో చెమటకి ఊడివస్తాయి. కానీ వేళ్లు తిరిగాక వచ్చే సుఖం వేరు. ళ రాయాలనుకుంటే ళ పడుతుంది. బడిలో పదేళ్లు తెలుగు చదివించి, అన్ని పరీక్షలు రాయించి, కీబోర్డు మీద ఒక్క తెలుగు మాట కొట్టడం నేర్పకుండా పంపించేస్తున్నాం. కంప్యూటర్ క్లాసులో వారానికో గంట ఇది నేర్పితే ఏ సిలబస్సు కొంప మునుగుతుందో నాకర్థం కాదు.

దీని మీద నాకెంత పట్టుదల ఉన్నా, ఏలూరులో మా పిన్నికి మాత్రం చెప్పలేను. ఆవిడకి కీబోర్డే అక్కర్లేదు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుని మాటల టైపింగులో చేర్చింది. కొన్నాళ్లకి ఎవరో మనవడు ఆ మైకు బొమ్మ చూపించాడు. ఆవిడ ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే అది రాసుకుంటుంది. తప్పులు కూడా పెద్దగా ఉండవు, కాకపోతే ఆవకాయ కొలతల దగ్గర్నుంచి పక్కింటివాళ్ల గొడవదాకా ఒక్క ఫుల్‌స్టాపు లేకుండా ఒకే వాక్యంగా వచ్చేది. ఎక్కడ కారం అయిపోయిందో, ఎక్కడ పక్కింటావిడ మొదలైందో తెలిసేది కాదు.

“ఏమే, నేను ఆగిన చోట ఇది ఆగట్లేదే!” అంది పిన్ని ఫోన్ చేసి.

దానికి విరుగుడు ఆవిడే కనిపెట్టింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పంపే బాణం గుర్తు నొక్కేయడం. వాక్యానికో మెసేజి. ఇప్పుడు ఆవిడ ఏదైనా చెప్పదలిస్తే నా ఫోన్ వరసగా మోగుతూనే ఉంటుంది. చుక్క పెట్టే మీట అక్కడే కింద ఉందని చెప్పి చూశాను.

“కళ్లజోడు తెచ్చుకుని ఆ చుక్క వెతికేలోపు నీకు ఫోనే చేసేస్తా కదే,” అంది.